వైన్ షాపు ముందు విత్తనం కాయలు

ఊళ్ళో ఏ కాగితం రాయాలన్నా దావీదురాజునే పిలుస్తారు. చర్చి సంఘానికి పెద్ద, చేతిరాత బాగుంటుంది. రెండో కరోనా వచ్చిన ఆ ఎండాకాలం, జనం ఏ పనులు చేసుకోవచ్చో ఏవి మానుకోవాలో తేల్చే జాబితా కూడా ఆయనే రాశాడు. చర్చి అరుగు మీద కమిటీగా చేరిన ఏడుగురు మగవాళ్ళు సాయంత్రమంతా వాదించుకుని ఒక్కొక్కటే తేల్చారు. పాలు పోయొచ్చు. చేను దున్నుకోవచ్చు. గొర్రెలు తోలుకుపోవచ్చు. మంగలిని ఇంటికి పిలవకూడదు. రోడ్డు మీది వైన్ షాపు ప్రభుత్వానిది కాబట్టి దాని జోలికి పోలేదు. చిట్టచివర ఒక మాట రాశారు. ఆడవాళ్ళు గుంపుగా కూర్చుని కాయలు ఒలవకూడదు, ఎవరింట్లో వాళ్ళు ఒలుచుకోవాలి.

ఇంటికొచ్చి ఆ కాగితం భార్యకు చదివి వినిపించాడు. జ్ఞానమణి సంగటి కెలుకుతూ విన్నది. చివరి మాట దగ్గర తెడ్డు ఆపింది.

"ఇది ఎవురికి పుట్టిన బుద్ధి?"

"అందరం అనుకున్నాం. మీరు ఒలిచేది ఎంత, మాట్లాడేదే శానా."

"నోరు ఆడితే చేతులు ఆగిపోతాయా?"

విత్తనానికి పెట్టుకున్న వేరుశనక్కాయను మిషన్‌కు వేస్తే గింజ చీలిపోతుంది. చేత్తోనే ఒలవాలి. ముందుగా ఒలిచి పెట్టుకోవడానికీ లేదు, పది రోజులు దాటితే సగం గింజలు మొలకెత్తవు. అందుకే ఏటా వాన వాసన తగలగానే ఆరుగురు ఆడవాళ్ళు ఒకచోట చేరతారు. ఈ రోజు ఒకరి మూటలు, రేపు ఇంకొకరివి. కూలి లేదు, మనిషికి మనిషి బదులు. ఈ లెక్క వాళ్ళకు తెలుసు. విత్తేటప్పుడు గింజలు చేతికందుకునే మగవాళ్ళకు తెలియదు.

"రెండెకరాలకు ఐదు మూటలు" అంది జ్ఞానమణి. "నేనొక్కదాన్నే ఒలిస్తే ఇరవై దినాలు. ముందర ఒలిచింది చచ్చిపోతాది. మొలకలు రాకపోతే చేన్లో నీ కాగితం నాటుదామా?"

దావీదురాజుకు కోపం రాలేదు. కాగితం మడిచి పక్కన పెట్టాడు. "మార్తమ్మను పూడ్చి నెల కాలేదు. ఊళ్ళో ముగ్గురు పోయినారు. భయం ఉండాది మాకు."

"నాకు ల్యా? మార్తమ్మ నా పక్కన కూచునే ఒలిచేది. దూరం దూరం కూచుంటాం, మాస్కు కట్టుకుంటాం. ఆ మాట రాయి."

"ఆ దూరం కొలిచేదెవురు?"

జ్ఞానమణి మళ్ళీ సంగటి కెలికింది. 

మర్నాడు పొద్దున ఆరుకు కర్ఫ్యూ సడలగానే ఆమె నెత్తిన మూట పెట్టుకుని రోడ్డు వైపు నడిచింది. వెనకాల చేటలు చంకన పెట్టుకుని ఈరక్క, ముసలి జీవమ్మ, ఇంకో ముగ్గురు. వైన్ షాపు ముందు సున్నంతో వరసగా గుండ్రాలు గీసి ఉన్నాయి. ఒక్కో దానికి ఆరడుగుల ఎడం. కొలిచి గీసినవాళ్ళు ప్రభుత్వం వాళ్ళే. ఆరుగురూ మొదటి ఆరు గుండ్రాల్లో బాసిపట్లు వేసుకుని, మాస్కులు పైకి లాక్కుని ఒలవడం మొదలుపెట్టారు. మొదటి రోజు జీవమ్మ కాయలు, జ్ఞానమణి మోసుకొచ్చినవి అవే. ఆమెది అరెకరమే.

షాపు తెరిచే లోపలే మగవాళ్ళు వచ్చారు. అందరికంటే ముందు వచ్చింది దాసన్న.

"ఈరక్కా, ఈ గుండ్రాలు మనుషులు నిలబడేదానికి."

"మేమేమన్నా మేకలమా?"

మూడో గుండ్రంలోంచి జీవమ్మ తల ఎత్తింది. "ఎవుర్రా అది, దాసన్నా? ఇవి నీ చేన్లోకే ఒలుస్తాండేది. ఏడోది ఖాళీగా ఉండాది. కూచో."

దాసన్న ఆమె కొడుకు. అటూ ఇటూ చూశాడు. వెనకున్నవాళ్ళు ఎవరో నవ్వారు. ఏడో గుండ్రంలో కూర్చుని, తల్లి విసిరిన చిన్న మూట అందుకుని, విప్పి కాయ చిదిమాడు.

ఎనిమిదవుతుండగా పంచాయతీ సెక్రటరీ వసంతకుమార్ మోటారుసైకిలు మీద వచ్చాడు. వెనక సీటులో దావీదురాజు.

"ఇద్దరూ ఒకే బండి మీద వచ్చినారే" అంది ఈరక్క, కాయల మీంచి చూపు తిప్పకుండానే.

వసంతకుమార్ అది వినిపించుకోలేదు. "అమ్మా, ఐదుగురు ఒకచోట చేరితే కేసు రాస్తారు. లేసి ఇండ్లకు పోండి."

"ఆ లైన్లో ఎంతమంది ఉండారు సార్?" అడిగింది జ్ఞానమణి.

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. పద్దెనిమిది మంది దాకా ఉన్నారు.

"వాళ్ళు కొనుక్కొని పోయేవాళ్ళు."

"మేము పంట పెట్టేవాళ్ళం. గుండ్రంలో నిలబడితే రాని రోగం కూచుంటే వస్తాదా?"

"అట్ల కాదమ్మా. కమిటీ తీర్మానం ఉంది. మీ ఇంటాయనే రాసినారు."

"రాసిన పొద్దు నేనే టీ తీసకపోయినా. అరుగు మీద ఏడుగురు, మోకాలికి మోకాలు తగిలేటట్టు. ఒక్కరికన్నా మాస్కు ల్యా. ఆ కేసు ఎవురు రాస్తారు సార్?"

లైన్లో నవ్వులు. దావీదురాజు చెప్పుల వైపు చూసుకున్నాడు. వసంతకుమార్ గుండ్రాల పక్కన నడుస్తూ ఒక్కొక్కరినీ చూశాడు. ఎవరి గుండ్రంలో వాళ్ళే ఉన్నారు. ఎవరి మాస్కూ జారలేదు. తిరిగొచ్చి గొంతు తగ్గించాడు.

"దూరం అయితే సరిగ్గానే ఉంది పెద్దాయనా. ఈడ వద్దు గానీ, చర్చి కాంపౌండులో ఇట్లనే గీయిస్తే?"

"సాయంత్రం కమిటీలో అడిగి చెప్తా" అన్నాడు దావీదురాజు.

"అడగాకు. చెప్పు" అంది జ్ఞానమణి. "విత్తనం ఒలిచేది చేని పని. దున్నుకోవచ్చు అని పైన రాసినావే, దాని పక్కనే రాయి. రాసిందాకా మేము లెయ్యం."

షాపులో కుర్రాడు షట్టరు ఎత్తాడు. మొదటి ఏడు గుండ్రాలూ కదల్లేదు. వెనక మగవాళ్ళలో గొణుగుడు పుట్టింది. ఎండ చురుకెక్కుతోంది.

"రాయప్పా దావీదురాజూ" అన్నాడొకడు.

"నీ ఇంటి తగువుకు మేం ఎండలో మాడల్లనా?"

"రాస్తే పోతాది గదప్పా."

దావీదురాజు భార్య వైపు చూశాడు. ఆమె ఆయన్ని చూడటం లేదు, చేటలో పుచ్చు గింజ వెతికి ఏరుతోంది. ఆయన జేబులోంచి జాబితా తీసి, బండి సీటు మీద పరిచి, పెన్ను అడిగాడు. చివరి మాట కొట్టేశాడు. పైన రెండు పంక్తుల మధ్య ఇరికించి చిన్న అక్షరాలతో రాశాడు. కాగితం తెచ్చి ఆమె ముందు పట్టుకున్నాడు.

జ్ఞానమణి చేతులు కొంగుకు తుడుచుకుని కాగితం అందుకుంది. మొదటి పంక్తి నుంచి చివరిదాకా తాపీగా చదివింది. లైనంతా ఆమెనే చూస్తూ నిలబడింది.

"సరే" అని కాగితం తిరిగిచ్చింది. "చర్చిలో గుండ్రాలు గీసినాక పిలువు. అంతదాకా ఈడనే ఒలుస్తాం."

మూట అంచు మడిచి, ఇంకో దోసెడు కాయలు ఒళ్ళోకి తీసుకుంది.