తన్ను మింగిన పెట్టె

మా సెగుందో బాబాయ్ గిటార్ పట్టాడంటే పెరూలో మా ఊరి యారినకోచ చెరువు గట్టున కూర్చున్నవాళ్ళు కూడా లేచి నడుం కదపాల్సిందే. సొంత మనిషని చెప్పే మాట కాదిది. అలాంటివాడు ఎక్కిన మూడు చక్రాల మోటోకార్ బోల్తాపడి ఎడమచేతి ఉంగరపువేలు విరగ్గొట్టుకున్నాడు. వేలు అతికింది గానీ బలం తిరిగి రాలేదు. ఆ వేలితో నొక్కిన స్వరం సగం దారిలోనే నీరసించి పడిపోయేది. దాంతోపాటు ఎప్పుడూ వెటకారాలాడే ఆయన నోరూ మూతపడింది. నాకు అదే ఎక్కువ దిగులు.

మేం వాయించే బృందానికి పెద్ద విల్డెర్. డోళ్ళు వాయిస్తాడు. చెడ్డవాడు కాదు. కాకపోతే ఆయనకి గిటార్ నేర్చుకుని ఖాళీగా తిరుగుతున్న బావమరిది ఒకడున్నాడు.

"సాన్ హువాన్ పండగ డాన్సుకి మాస్టారే వాయిస్తారు. బాగా జరిగితే సరే. లేదంటే మాస్టారు రెండో గిటార్ తీసుకోవాలి, మావాడు ముందుకొస్తాడు" అని అందరి ముందూ అనేశాడు. జీవితమంతా మొదటి గిటార్ వాయించినవాడికి రెండోది ఇవ్వడమంటే పెళ్ళికొడుకుని తీసుకెళ్ళి వడ్డనకి పెట్టడమే.

అందుకని నా కంప్రెసర్ పెడల్ తీసుకెళ్ళి బాబాయ్‌కి ఇచ్చాను. నేను బేస్ గిటార్ వాయిస్తాను. నా బొటనవేలు ఒకసారి గట్టిగా, ఒకసారి మెల్లగా పడుతుందని కొనుక్కున్న పెట్టె అది.

"కంప్రెసరా? ఫ్రిజ్ వెనకాల గుర్రుమంటుంది, అదేనా?" అన్నాడు.

"కాదు బాబాయ్. ఇది గిటార్‌కీ స్పీకర్‌కీ మధ్య పెడతాం. గట్టిగా మోగినదాన్ని అణుస్తుంది, మెల్లగా మోగినదాన్ని లేపుతుంది. నీ వేలు సరిగ్గా నొక్కకపోయినా స్వరం నిలబడుతుంది."

"ఉన్నవాడి దగ్గర లాక్కుని లేనివాడికి పెడుతుందన్నమాట. మన ప్రభుత్వానికి కూడా ఒకటి కొనిపెట్టవే."

చాలా రోజుల తర్వాత విన్న ఆ వెటకారానికి నాకు ప్రాణం లేచొచ్చింది.

మా బృందానికి ఒక అలవాటుంది. పాట మలుపు తిరగాలన్నా, ముగియాలన్నా మొదటి గిటార్ అడుగు తీగమీద ఒక్క దెబ్బ గట్టిగా కొట్టాలి. దాన్ని మేం తన్ను అంటాం. తన్ను పడగానే అందరం కలిసి తిరుగుతాం. సైగలు చేసుకోవడం, తలలూపుకోవడం మాకు నామోషీ. డాన్సు చేసేవాళ్ళని వదిలేసి ఒకరి మొహం ఒకరు చూసుకునే బృందాల్ని చూస్తే మాకు నవ్వు.

పండగనాడు మధ్యాహ్నం గట్టంతా జనం. ఆకుల్లో కట్టిన హువానే అన్నం పొట్లాలు విప్పుకుని తింటున్నారు. వేదిక ఎక్కగానే బాబాయ్ వంగి, పెట్టెమీది మీట ఆ చివరికంటా తిప్పేశాడు. విల్డెర్ పెరట్లో సాధన చేసినప్పుడు సగం కూడా తిప్పలేదు.

"ఎక్కువైందేమో బాబాయ్."

"ఎక్కువైతే ఏమవుతుందే? ఇదేమన్నా ఉప్పా?"

ఆ వేలి స్వరాలు మొదటి పాటలో ఎంత బాగా నిలబడ్డాయో చెప్పలేను. సాగి సాగి, ఆయన వదిలాకే వదిలాయి. నాకు కళ్ళు చెమర్చాయి. ఇక పాట ముగియాలి. ముగియలేదు. ఇంకో చుట్టు వాయించాం. మరో చుట్టు వాయించాం. డాన్సు చేస్తున్నవాళ్ళు మొదట సంబరపడ్డారు, తర్వాత ఒక్కొక్కరే చెమట తుడుచుకుంటూ కూలబడ్డారు. చివరికి మాలో ఎవరికి తోచినప్పుడు వాళ్ళం ఆపేశాం.

"తన్ను మర్చిపోయారా మాస్టారూ?" అన్నాడు విల్డెర్.

"తన్నానయ్యా. తీగ తెగుతుందేమోనన్నంతగా తన్నాను."

"మాకెవ్వరికీ వినపళ్ళేదు మరి."

వేదిక కింద బావమరిది అప్పటికే గిటార్ బయటికి తీసి తుడుస్తున్నాడు. బాబాయ్ నా పక్కకి జరిగి, "నా పని అయిపోయిందేమోనే దెల్సీ" అన్నాడు మెల్లగా. ఆయన నోటివెంట అలాంటి మాట నేనెప్పుడూ వినలేదు.

అప్పుడు మీట కేసి చూశాను. తప్పు ఆయనది కాదు, పెట్టెదీ కాదు. గట్టిగా మోగినదాన్ని అణచడం దాని పని. ఆయన ఎంత గట్టిగా తంతే అది అంత గట్టిగా అణిచింది. మీట తగ్గిస్తే వేలి లోపం బయటపడుతుంది. అలాగే ఉంచితే తన్ను మునిగిపోతుంది. నా బేస్‌కి మాత్రం ఇప్పుడు ఏ పెట్టే లేదు. నేనెలా కొడితే అలా మోగుతోంది.

"ఇవాళ్టినుంచి తన్ను నేను తంతాను" అన్నాను.

విల్డెర్ పుల్లలు పక్కన పెట్టాడు. "బేస్ తన్నడం ఎక్కడన్నా ఉందా? తన్ను మొదటి గిటార్‌ది. అది కూడా వదులుకుంటే మాస్టారికి ఇంకేం మిగుల్తుంది?"

ఆ మాట నిజం. మమ్మల్నందర్నీ తిప్పేది ఆ దెబ్బే. అందరం బాబాయ్ కేసి చూశాం. ఆయన సరిగ్గానే ఉన్న తీగని ఇంకోసారి సరిచేసుకున్నాడు.

"తన్ను దెల్సీకిచ్చేశానయ్యా విల్డెర్" అన్నాడు చివరికి. "పాట మిగిల్తే చాలు నాకు."

రెండో పాటలో వేళ చూసి, అడుగు తీగమీద బొటనవేలితో నా బలమంతా పెట్టి ఒక్కటిచ్చాను. అందరూ ఠక్కున ఒకేసారి ఆపేశారు. పాటంటే అలా ముగియాలి. విల్డెర్ నన్ను మెచ్చుకోలేదు గానీ, వెంటనే మూడోది మొదలుపెట్టాడు. బావమరిది కాసేపు ఎదురుచూసి, గిటార్ సంచిలో పెట్టేసి, ఎవరో పిల్లని డాన్సుకి పిలుచుకున్నాడు. పాపం, డాన్సు మాత్రం బాగా చేస్తాడు.

పొద్దు వాలుతుండగా ఆఖరి పాట ఎత్తుకున్నాం. బాబాయ్ కళ్ళు మూసుకుని, దెబ్బతిన్న ఆ వేలితోనే కావాలని పైస్వరాలు పట్టుకుంటున్నాడు. ముగించే వేళయింది. నా బొటనవేలు తీగమీదే ఉంది. కానీ తన్నబుద్ధి కాలేదు. ఒక చుట్టు పోనిచ్చాను. ఇంకో చుట్టు కూడా పోనిచ్చాను. మేం నవ్వే ఆ బృందాలవాళ్ళలాగే విల్డెర్ నా మొహంలోకి చూస్తున్నాడు.

బాబాయ్ వాయిస్తూనే నా చెవి దగ్గరికి వంగాడు. "తన్నవే దెల్సీ. వేలు లాగేస్తోంది." ఆయన మొహం నిండా నవ్వే.

"ఇంకొక్క చుట్టు బాబాయ్."

"సరే, నీ ఇష్టం" అని మళ్ళీ మొదటినుంచి అందుకున్నాడు.