పురుగు కాదు, ఎర్ర

నేను ఒక భూతద్దాన్ని. పేరులో ఉన్న భూతం నాలో లేదు, వెతికినవాళ్లున్నారు, దొరకలేదు. ఉన్నదల్లా నడుమ ఉబ్బిన గాజుబిళ్ల, చుట్టూ ఇత్తడి కట్టు, చెక్క పిడి. ఎక్కడో ఉత్తరాదిన ఒక రేకుల షెడ్డులో నన్ను అరగదీసి నునుపు చేశారు. అరగదీసినవాడికి చత్వారం. నాలోంచి ఒక్కసారి తన కూతురి ఫొటో చూసుకుని నన్ను డబ్బాలో పడేశాడు. చేసినవాడికి దక్కింది ఆ చూపొక్కటే. లోకంలో ఏ వస్తువు సంగతైనా ఇంతే. సిగ్గుపడాల్సింది నేను కాదు.

ఏలూరులో చెయ్యి చూసి జాతకం చెప్పే ఒకాయన నన్ను కొన్నాడు. నాకు ఏ చేతిలో చూసినా కాయలే కనపడేవి, ఆయనకు ఏ చేతిలో చూసినా రాజయోగం కనపడేది. నేను చూపించేది వదిలేసి, తాము చెప్పదలచుకున్నదే చూసే మనుషులుంటారని అక్కడే తెలిసింది. ఆయన కళ్లజోడు కొనుక్కుని నన్ను పాత సామాన్ల బండికి వేశాడు.

బండి మీంచి నన్ను తీసుకుంది షాహిదా మేడం. పెదగరువు జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. కాలేజీ భూతద్దం బీరువాలో ఉంటుంది, బీరువా తాళం ప్రిన్సిపాల్ దగ్గర ఉంటుంది, ప్రిన్సిపాల్ మీటింగులో ఉంటాడు. అందుకని సొంతంగా కొనుక్కుంది.

ఆ ఏడు పెదగరువు కుళాయిల్లో సన్నటి ఎర్రదారాల్లాంటివి పడ్డాయి. పిల్లలకు వాంతులు, విరేచనాలు. కాలనీ ఆడవాళ్లను కొర్నేలమ్మ లేపింది. మైకు అక్కర్లేని గొంతు ఆవిడది. ఖాళీ బిందెలతో నీళ్ల ఆఫీసు ముందు కూర్చుని "నీళ్లలో పురుగులు! నీళ్లలో పురుగులు!" అని అరిచారు. మా మేడం కూడా అరిచింది. నినాదం బ్రహ్మాండంగా ఉంది. కొంప ముంచింది కూడా అదే. ఆఫీసుకు వినపడింది పురుగులు. పంపింది పురుగుమందు.

తెల్లారేసరికి మంచినీళ్ల చెరువు గట్టు మీద మందు డ్రమ్ము దిగింది. వెనకే నీళ్ల ఆఫీసు ఏఈ గారు, మందు కొట్టేవాడు.

కొర్నేలమ్మ పరిగెత్తుకొచ్చి ఆ డ్రమ్ము మూత మీద కూర్చుంది. "తాగే నీళ్లల్లో మందేంటండీ సారూ!"

"పురుగులని అరిచింది మీరే కదమ్మా!"

"మేం పామునీ పురుగే అంటాం. దానికీ కొడతారా మందు?"

ఈలోగా మేడం చెరువు బురద తెచ్చి తెల్లపళ్లెంలో కడిగింది. ఎర్రదారాలు కదిలించగానే చుట్టలు చుట్టుకున్నాయి. నన్ను ఏఈ గారి చేతిలో పెట్టింది. "ఇవి పురుగులు కావండీ, ఎర్రలు. నిన్న నేనూ చూడకుండానే అరిచాను."

"ఎర్రగా ఉంటే మాత్రం పురుగు కాదా?"

"రంగు కాదు సారూ," అంది కొర్నేలమ్మ. "గాలానికి గుచ్చే ఎర్ర, అదే వానపాము. దాని బాపతు."

"దోమ జాతి పిల్లపురుగూ ఎర్రగానే ఉంటుంది," అంది మేడం. "కానీ దానికి విడిగా తల ఉంటుంది, పొట్టి కాళ్లుంటాయి. వీటికి చూడండి, ఒళ్లంతా కట్లు కట్లుగా ఉంగరాలే."

ఏఈ గారు నాలోంచి చాలాసేపు చూశాడు. "తలా లేదు, కాళ్లూ లేవు."

"అయినా పని జరిగిపోతంది. అచ్చం మీ ఆఫీసే," అంది కొర్నేలమ్మ. మందు కొట్టేవాడు పక్కకి తిరిగి నవ్వుకున్నాడు.

"ఒకటీ అరా ఏ చెరువులోనైనా ఉంటాయి," అంది మేడం. "ముద్దలు ముద్దలుగా ఇవే ఉన్నాయంటే మురుగు కలుస్తున్నట్టు. ఎటునుంచో చూద్దాం రండి."

నాలుగు మూలలా బురద తీశారు. మూడు మూలల్లో నత్తలూ, కాళ్లున్న రకరకాల పురుగులూ. తూర్పు మూల పళ్లెం నిండా ఎర్రలే. ఆ మూల గట్టు అవతలే మురుగుకాలవ. గడ్డి పీకితే చెరువు గోడలో బీట, చెయ్యి దూరేంత. మందు కొట్టి ఉంటే బీట అలాగే ఉండేది, జనం మురుగుతో పాటు మందు కూడా తాగేవాళ్లు.

ఏఈ గారు వంగి ఆ బీటలో చెయ్యి పెట్టి చూశాడు. "గోడ కట్టిస్తాను. అందాకా ట్యాంకరు నీళ్లు పంపిస్తాను. ఇక లేమ్మా," అన్నాడు.

"ముందు డ్రమ్ము బండెక్కనీండి. నేను దీని మీదే వస్తా."

గోడ కట్టారు, చెరువు కడిగి మళ్లీ నింపారు. మేడం నన్ను కాలనీవాళ్లకే ఇచ్చేసింది. పంపుహౌసు గోడకు మేకు కొట్టి వేలాడదీశారు. గీతలు పడ్డాను, పిడికి పురికొస చుట్టారు. బీరువాలో ఉన్న నా జాతివాటికంటే నయంగా బతుకుతున్నాను. వారం వారం ఆడవాళ్లు తూర్పు మూల బురద పళ్లెంలో కడిగి నాలోంచి చూస్తారు.

మొన్న ఆ పళ్లెంలో ఒక్క ఎర్రా లేదు. మూడు తోకలు, ఆరు కాళ్లతో చిన్న చిన్నవి టకటకా పాకుతున్నాయి. మురుగులో బతకలేని రకం అవి. కొర్నేలమ్మ గంతేసి, "పురుగులే! పురుగులు పడ్డాయే!" అని ఊరంతా వినపడేలా కేకేసింది.

గట్టు మీద స్కూటరు ఆగింది. ఏఈ గారు భయంభయంగా అడిగాడు: "మందు... తేవాలా?"

"మందొద్దు సారూ," అంది కొర్నేలమ్మ, నన్ను ఆయన చేతికిస్తూ. "మిఠాయి పట్రండి."