వదిన తిట్ల డబ్బా

వదిన నోరు తెరిస్తే వీధి చివర మెకానిక్ కూడా స్పానర్ కింద పెట్టి వినేవాడు. అంత గొంతు మరి! దర్జీ కొట్టు నడిపేది కత్తెరతోనా నోటితోనా అని అన్నయ్య వేళాకోళమాడితే, "రెండూ పదునే, చూస్తావా?" అనేది. ఆడపడుచు బుల్లి విషయంలో మరీను. పక్క గదిలో ఫోన్లు బాగుచేసుకునే ఆ పిల్ల ఏం తెచ్చి చూపించినా వదిన తీర్పు ఒక్కటే: "నీ మొహంలా ఉంది." బుల్లి తన కొట్టుకి పేరు రాయించుకున్నప్పుడూ అదే మాట. మాట అనేసి, మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే ఆ పేరుపలకని తనే తడిగుడ్డతో తుడిచేది.

అలాంటి గొంతులో మాయదారి గడ్డ ఒకటి లేచింది. డాక్టర్లు గడ్డతో పాటు స్వరపేటికనూ తీసేశారు. ప్రాణం దక్కింది, అంతే చాలని అందరూ అనుకున్నారు. వదిన మాత్రం అనుకోలేదు. ముందు గది వదిలేసి, వెనక గదిలో గోడకేసి తిరిగి కుట్టుకునేది. బేరాలొస్తే అన్నయ్యే కొలతలు తీసుకుని, తప్పుగా తీసుకుని, నాలిక కరుచుకునేవాడు. ఓ రోజు వదిన కత్తిరించే బల్ల మీద సుద్దముక్కతో రాసేసింది: "కొట్టు ఎవరికైనా ఇచ్చేద్దాం. మూగమొద్దులా ఇక్కడ కూర్చోలేను."

అది చదివి బుల్లి ఊరంతా వాకబు చేసింది. మాట్లాడే యంత్రాలు బజార్లో లేకపోలేదు. కాని కంపెనీవాడు నేర్పిన మాటలే పలుకుతాయి, విప్పి మార్చుకుందామంటే కుదరదు. అందుకని తనే పూనుకుంది. అరచేతిలో ఇమిడే కంప్యూటర్, అంతా కలిపి ఒకే ఒక్క బోర్డు. దానికో పాత ఫోను తెర, బ్యాటరీ, చిన్న స్పీకరు, రబ్బరు మీటలు. లోపల దాన్ని నడిపించే లినక్సు, రాసింది చదివి పలికే ప్రోగ్రాము. రెండూ ఫ్రీ సాఫ్ట్‌వేరే. ముక్కూమొహం తెలియని మహానుభావులెవరో రాసి, తీసుకోండి, నచ్చినట్టు మార్చుకోండి అని లోకం మీద వదిలేసినవి. పైన తొడగడానికి సంచీ కూడా బుల్లే కుట్టింది, వంకర టింకరగా.

వదిన చేతిలో పెట్టి మీట నొక్కమంది.

"నమస్కారం. దయచేసి కూర్చోండి," అంది డబ్బా, ఉప్పూకారం లేని గొంతుతో.

వదిన డబ్బాని చూసింది, బుల్లిని చూసింది. ఇంకో మీట నొక్కింది. "మీ సహకారానికి కృతజ్ఞతలు." అంతే, దాన్ని తీసుకెళ్ళి దారపుండల పెట్టెలో పడేసి మూత పెట్టింది.

"మీ వదిన జన్మలో ఎప్పుడైనా దయచేసి అందా?" అన్నాడు అన్నయ్య. "అది మాట్లాడుతుంటే పరాయివాళ్ళింటికి వచ్చినట్టుందమ్మా."

బుల్లికి ఒళ్ళు మండింది. ఇంత కష్టపడి చేస్తే ఇదా, అని విసవిసా తన గదికి వెళ్ళిపోయింది. కోపం చల్లారాక తట్టింది. వదినకి టైపు చెయ్యడమంటే పరమ చిరాకు. పక్క గదిలో ఉన్న తనకి కూడా మాటలు రికార్డు చేసే పంపేది. అవన్నీ ఫోన్లోనే ఉన్నాయి! ఆత్రంగా తెరిచి వినసాగింది. నమస్కారం ఉందా? లేదు. సంతోషం? అదీ లేదు. ఒక్క మంచిమాట ఉంటే ఒట్టు. "ఎక్కడ చచ్చావే?" "తిండీ తిప్పలూ లేవా నీకు?" "కళ్ళెక్కడ పెట్టుకున్నావే?" "ఇప్పుడా రావడం?" నవ్వుతూ వినడం మొదలెట్టిన పిల్ల కాస్తా బల్ల మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చింది. వదిన గొంతు లేక తను ఎంత బెంగపడిపోయిందో బుల్లికి అప్పుడు గాని తెలియలేదు.

ఏడుపయ్యాక దారపుండల పెట్టెలోంచి డబ్బాని తెచ్చుకుని ప్రోగ్రాము విప్పింది. పై వరస మీటలు నొక్కితే యంత్రం గొంతు బదులు ఆ రికార్డులు పలికేలా మార్చింది. డబ్బాని ముందు గది బల్ల మీద పెట్టి, వదినని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. సరిగ్గా అప్పుడే కూతురికి బిగుతైన గౌను పట్టుకుని లెక్కల టీచరమ్మ వచ్చింది. ఇక తప్పేదేముంది, వదిన విసుగ్గా చేతికందిన మీట నొక్కింది.

"ఇప్పుడా రావడం?" ఉరిమింది డబ్బా, అచ్చం వదిన గొంతుతో.

వదిన నిలువునా అదిరిపడింది. బుల్లికి పై ప్రాణాలు పైనే పోయాయి. అవి తనని తిట్టిన తిట్లు గాని, కొట్టుకి వచ్చినవాళ్ళని అనేవి కావే!

టీచరమ్మ నోరెళ్ళబెట్టింది. మరుక్షణం ఆమె మొహం విప్పారింది. "అమ్మయ్య, వచ్చేశారా! మీ ఆయన మర్యాదలతో చచ్చిపోయామనుకోండి," అంటూ కుర్చీ లాక్కుని కూర్చుంది.

వదిన టేపు మెడలో వేసుకుంది. అన్నయ్య తీసిన కొలతలు చూసి, అతని వైపు తిరిగి మీట నొక్కింది. "కళ్ళెక్కడ పెట్టుకున్నావే?"

"బుల్లీ, నన్ను కూడా ఆడపిల్లని చేసేశావటే!" అని అన్నయ్య లబలబలాడాడు. టీచరమ్మ పకపకా నవ్వింది. వదిన బల్ల మీది సుద్దరాతని మోచేత్తో చెరిపేసి, అక్కడ గౌను పరిచింది.

టీచరమ్మ వెళ్ళాక బుల్లి బెరుగ్గా దగ్గరికొచ్చింది. "మంచిమాటలకి నీ గొంతు ఎక్కడా దొరకలేదు వదినా. కృతజ్ఞతలూ అవీ కింది వరసలో యంత్రం గొంతుతోనే ఉంచాను. ఇంతకీ డబ్బా ఎలా ఉంది?"

వదిన వేలు కింది వరస మీదికి వెళ్ళింది, అక్కడ ఆగింది. మళ్ళీ పైకొచ్చి, వెతికి వెతికి ఒక మీట నొక్కింది.

"నీ మొహంలా ఉంది."

ఆ వెంటనే తడిగుడ్డ అందుకుని డబ్బా తెర తుడవడం మొదలెట్టింది.

"నీళ్ళు తగలకూడదు వదినా!" అని బుల్లి కేకేసింది. కేకేస్తూనే వచ్చి వదినని గట్టిగా వాటేసుకుంది.