ఎర్ర ప్యాకెట్టుకు తొమ్మిది మార్కులు

నూడుల్స్ ప్యాకెట్టుకు వెనకవైపే ముఖం అని నా అభిప్రాయం. ముందువైపు క్యారెట్లు, బఠానీలు ఎన్నయినా అచ్చు వేస్తారు. అసలు సంగతి వెనక, అతుకు కింద, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ఎండురొయ్యల పొడి, కోడి కొవ్వు, అన్నీ అక్కడే నక్కి ఉంటాయి. నేను ఒక ప్రెస్సులో మందుల డబ్బాల్లో పెట్టే కాగితాలకు ప్రూఫులు దిద్దుతాను. చిన్న అక్షరాలు చదవడం నాకు కూడు పెట్టే విద్య. ఇంటికొచ్చాక అదే విద్యతో శాకాహారుల కోసం, పచ్చచుక్క గుర్తు ఉండని విదేశీ నూడుల్స్ రుచి చూసి, పదికి ఇన్ని మార్కులని ఇంటర్నెట్లో రాస్తుంటాను. నాలుగేళ్ళలో మూడొందల పైచిలుకు రకాలు తిన్నాను. ఇదేమంత గొప్ప సంగతి కాదు గానీ, చదివేవాళ్ళు కొన్ని వేలమంది ఉన్నారు.

ఈమధ్య వాళ్ళు చదువుతున్నది మా మేనత్త కోసం. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక ఆవిడ నా దగ్గరే ఉంటోంది. డెబ్బై ఆరేళ్ళు. పుట్టి బుద్ధెరిగాక నీచు ముట్టిన మనిషి కాదు, నాలుకకు మాత్రం పదునెక్కువ. వండింది ఆవిడ ముందు పెట్టి, ఆవిడ అన్నది రాసుకోవడం నా పని. "ఇవి నూడుల్స్ కావురా, షూ లేసులు" అంది ఒకసారి. "ఎవరో అలిగి వండినట్టుంది" అంది ఇంకోసారి. కళ్ళలో శుక్లాల వల్ల ఆవిడకు అక్షరాలు ఆనవు కాబట్టి, రాసిన ప్రతి ముక్కా పోస్టు చేసేముందు నేనే చదివి వినిపించాలి. అది ఆవిడ పెట్టిన షరతు.

ఆపరేషన్ తర్వాత అత్తకు ఆకలి చచ్చిపోయింది. ఏది పెట్టినా రెండు చెంచాలు తిని గిన్నె పక్కకు నెట్టేది. మనిషి సగమైపోతోందని, వారానికి రెండుసార్లు ఇంటికొచ్చే నర్సు నన్ను కసిరేది. అలాంటి రోజుల్లో ఎర్ర ప్యాకెట్టు వచ్చింది. అత్త గిన్నెలో నీళ్ళు కూడా వదలకుండా తాగేసి మూతి తుడుచుకుంది.

"ఇందులో ఏదో ఉందిరా. ఏంటో చెప్పలేను గానీ ప్రాణం లేచొచ్చింది. తొమ్మిది వెయ్యి."

"పదే వెయ్యొచ్చుగా?"

"పది వేస్తే వాళ్ళకి తలకెక్కుతుంది."

తొమ్మిది వేశాను. మూడు వారాలపాటు రోజు విడిచి రోజు అదే వండాను. అత్త బుగ్గలు కాస్త నిండాయి. వాకర్ పట్టుకుని వంటింటి దాకా వచ్చి "అయిందా, ఇంకా ఎంతసేపు?" అని దబాయించడం మొదలుపెట్టింది. నర్సు మెచ్చుకుంటే నేను తెగ మురిసిపోయాను.

శనివారం పొద్దున ఎవరో పాఠకుడు రెండు ముక్కలు రాశాడు. "ఎర్ర ప్యాకెట్టు వెనక ఆరో వరుస మీరు చూశారా?"

అలమారలోంచి ప్యాకెట్టు తీసి, భూతద్దం పెట్టి చూశాను. ఆరో వరుసలో ఎండుచేప పొడి ఉంది. అచ్చుతప్పేమోనని కూడా ఆశపడ్డాను. సిగ్గులేని ఆశ.

మా ప్రెస్సులో ఒక పద్ధతి ఉంది. ఒకసారి 'సరి' అని ముద్ర పడిన కాగితం మళ్ళీ అచ్చుకొస్తే, పై పేజీ పోల్చి చూసి వదిలేస్తాం. ఎర్ర ప్యాకెట్టును రెండేళ్ళ కిందటే తిన్నాను. అప్పటి వెనకవైపు ముక్క కత్తిరించి నోటుపుస్తకంలో అంటించి, పక్కన 'సరి' అని రాసుకున్నాను. అప్పుడు అందులో చేప లేదు. ఈసారి అదే రంగు, అదే బొమ్మ కనిపించేసరికి నోటుపుస్తకమే చూసుకున్నాను. ప్యాకెట్టును తిప్పలేదు. లోకమంతటికీ వెనకవైపు చూడమని చెప్పేవాణ్ణి, నేనే చూడలేదు.

తప్పయిందని వెంటనే రాసి పెట్టాను. అత్తకు చదివి వినిపించలేదు. పాఠకుల్లో కొందరు తిట్టారు, కొందరు పోనీలెమ్మన్నారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళ ముందు తలవంచుకోవడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది.

అత్తకు మాత్రం ఎర్రవి అయిపోయాయని చెప్పాను. వేరే రకం పెడితే మళ్ళీ రెండు చెంచాలే. "అది దొరకలేదా?" అని ఆదివారం అడిగింది, సోమవారం అడిగింది. మంగళవారం మధ్యాహ్నం నేను నీళ్ళు స్టవ్ మీద పెట్టి, దాచిన ఎర్ర ప్యాకెట్టు చేతిలోకి తీసుకున్నాను. ఆవిడకు ఎలాగూ తెలియదు, నాలుగు మెతుకులు లోపలికి పోతే చాలు అనుకున్నాను. నీళ్ళు మరిగాయి. నా మీద నాకే అసహ్యం వేసి స్టవ్ ఆపేసి, ఆవిడ మంచం దగ్గరికి వెళ్ళాను.

"అత్తా, ఆ ఎర్రదాంట్లో చేప ఉంది. నేను చూసుకోలేదు."

అత్త మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చుంది. ఆ క్షణాన నాలుగు తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి.

"ఎన్నిసార్లు తిన్నాను?"

"పదకొండు."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"శనివారం."

"ఇంకెవరికైనా చెప్పావా?"

"రాశాను. అందరికీ."

"అంటే ముందు వాళ్ళకి, తర్వాత నాకు." దుప్పటి అంచు వేళ్ళకు చుట్టుకుంది. "తెలీక తిన్నానని సరిపెట్టుకుందును. కానీ ఎంత ఇష్టంగా తిన్నానురా! గిన్నె నాకినంత పని చేశాను. అది నేనెవరితో చెప్పుకోను?"

నేను ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆవిడ నా తల నిమరలేదు, నన్ను లేవమనలేదు. నా బరువు తీసుకెళ్ళి ఆ ముసలి మనిషి ఒళ్ళో పెట్టి వచ్చానని ఇప్పటికీ అనిపిస్తుంది.

గురువారం ఇంకో రకం కొన్నాను. దుకాణంలో ఒకసారి, ఇంటికొచ్చి రెండుసార్లు చదివాను. వండి తీసుకెళ్ళేసరికి నర్సు ఆవిడ బీపీ చూస్తోంది. గిన్నె ముందు పెట్టినా అత్త చెంచా ముట్టుకోలేదు.

"దీని కవరేదీ?"

తెచ్చి, చదవడానికి గొంతు సవరించుకున్నాను. ఆవిడ నా చేతిలోంచి కవరు తీసుకుని నర్సుకు అందించింది.

"అమ్మాయ్, నీ పని అయ్యాక ఇది కాస్త చదివి పెట్టు. వెనకవైపు, మొదటినుంచీ."

నర్సు నా వైపు చూసింది. నాకు తలెత్తే మొహం లేదు. ఆ పిల్ల కవరును కిటికీ వెలుగులో పట్టుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది. గోధుమపిండి, నూనె, ఉప్పు, ఎండిన ఉల్లిపాయ. ఒక్క పొల్లు పోలేదు. అత్త కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నది.

"అయితే నేను తినొచ్చా అమ్మాయ్?" అని నర్సును అడిగింది.