పది నిమిషాల దూరం

ఇబ్రహీంపట్నంలో ప్లాట్లు అమ్మే జంగారెడ్డి తన ఆఫీసులో ఫోన్లకు జవాబివ్వడానికి ఏఐని పెట్టించాడు. మొదటిరోజే ఎవరో ఎయిర్‌పోర్టు ఎంత దూరమని అడిగితే, అది నలభై అయిదు నిమిషాలని చెప్పేసింది. పదేళ్లుగా ఆయన వెంచర్ నుంచి లోకంలో ఏ చోటైనా పది నిమిషాలే!

"నందినీ, దానికి జర మన పద్ధతి నేర్పియ్" అని సేల్స్ చూసే అమ్మాయిమీద కస్సుమన్నాడు.

"నేర్పిన సార్. ఎన్నిసార్లు చెప్పినా మ్యాపు చూసి మల్ల గదే అంటుంది."

రేపే పీకించేద్దామనుకున్నాడు. ఆ సాయంత్రమే మహేశ్వరంలో తనకోసం ఒక ప్లాటు చూడబోయాడు.

"మెయిన్ రోడ్డు పది నిమిషాలే అన్నా" అన్నాడు అక్కడి బ్రోకరు.

జంగారెడ్డి పక్కకు జరిగి, గొంతు మార్చి, తన ఆఫీసుకే ఫోన్ చేశాడు.