అమ్మ పరీక్షకి పాత కంప్యూటర్

ఆ రోజు ఇంట్లో నలుగురం ఉన్నాం: అమ్మ, నాయనమ్మ, గుడివాడ నుంచి వచ్చిన మా మేనత్త కొడుకు సూర్యతేజ బావ, నేను. నాన్న పొద్దున్నే బంటుమిల్లి వెళ్లారు. ఉన్నా ఆయన ఏమీ అనేవారు కాదు, పేపరు చదువుకునేవారు.

మధ్యాహ్నం అమ్మకి ఆన్‌లైన్‌లో టైపింగ్ పరీక్ష. నెగ్గితే మచిలీపట్నంలో ఒక ఆఫీసుకి ఇంట్లోంచే పని చెయ్యొచ్చు. నేను పుట్టాక అమ్మ రాస్తున్న మొదటి పరీక్ష అది. ముందురోజు మా పాత కంప్యూటర్‌లో ఆ పేజీ తెరిస్తే, మెమొరీ చాలదని చెప్పి మూసుకుపోయింది. అమ్మ మొహం చూడలేక నేనే బావకి మెసేజ్ పెట్టాను. ఫోన్ చెయ్యాలంటే నాకు నోరు పెగలదు.

"కొత్తది కొనక్కర్లేదత్తయ్యా," అన్నాడు బావ, కంప్యూటర్ పెట్టెని పక్కకి పడుకోబెట్టి మూత విప్పుతూ. "డబ్బా, మానిటరు, కీబోర్డు అన్నీ ఇవే. ఉన్న ర్యామ్ పక్కన ఇంకోటి పెడితే చాలు."

అతను కాఫీకి లేచినప్పుడు నాయనమ్మ అమ్మ నెత్తిన అక్షింతలు వేసింది. "పరీక్ష దీనికి కూడానేగా" అంటూ మిగిలినవి కంప్యూటర్ మీద చల్లింది.

"అమ్మమ్మా, దీనికి పెళ్లి చేస్తున్నావేంటి!" అని తిరిగొచ్చిన బావ నవ్వి, బ్రష్షుతో అన్నీ దులిపేశాడు.

కొత్త ర్యామ్ పెట్టి స్విచ్ వేస్తే ఒకటే కూత. తెర నల్లగానే ఉంది. తీసేస్తే పాతదానితో మామూలుగానే వస్తోంది. పెడితే మళ్లీ కూత.

"షాపువాడు పాడైంది అంటగట్టినట్టున్నాడు. గుడివాడ వెళ్లి మార్చుకురావాలి."

"ఇప్పుడు వెళ్తే పరీక్ష టైముకి రాలేవు," అంది అమ్మ. "ఊరుకోరా. నాకు రాసిపెట్టి లేదు." వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పింది. కడగడానికి అక్కడ గిన్నెలేమీ లేవు.

నేను ఫోన్ లైటు పట్టుకుని అక్కడే ఉన్నాను. ఖాళీగా ఉన్న స్లాటు అడుగున పసుప్పచ్చగా ఏదో కనిపించింది. చెబితే నాయనమ్మ చిన్నబోతుంది. ఆవిడ పక్కనే పీట మీద కూర్చుని ఉంది. చెప్పకపోతే అమ్మ పరీక్ష పోతుంది. ఈలోగా బావ బండి తాళం తీసుకున్నాడు.

"బావా!" అన్నాను. అంత గట్టిగా వస్తుందని నాకే తెలియదు. "అందులో గింజ ఉంది."

బావ కరెంటు తీసేసి వంగి చూశాడు. "అందుకేనా ఇది పూర్తిగా దిగట్లేదు!" చీపురుపుల్ల ఇచ్చి, నన్నే తియ్యమన్నాడు. విరిగిన బియ్యపుగింజ, సగం ముక్క.

"నా చేత్తో నేనే చెడగొట్టానటే?" అంది నాయనమ్మ.

అమ్మ తడిచేతులతోనే వచ్చింది. "అదేం కాదత్తయ్యగారూ. మీరు గట్టిగా దీవించారు, లోపలిదాకా వెళ్లింది." ఆ మాటకి నాయనమ్మకి కూడా నవ్వొచ్చింది.

ఈసారి ర్యామ్ టక్కుమని కూర్చుంది. కూత లేదు. తెర వెలిగింది, పరీక్ష పేజీ తెరుచుకుంది.

అమ్మ చీర సర్దుకుని కుర్చీలో కూర్చుంది. ఆమె వేళ్లు కీబోర్డు మీద ఆనీ ఆననట్టు ఉన్నాయి. నేను వెనకాలే నిలబడ్డాను.

"మధ్యలో ఏదైనా ఆగిపోతే నేను చూస్తాలే, అమ్మా."

అమ్మ లేచి నా భుజాలు పట్టుకుని గుమ్మం దాకా నడిపించింది. "గదిలో ఇంకో మనిషి ఉంటే పరీక్ష రద్దు చేస్తారట. ఆగితే నేనే చూసుకుంటాను," అని తలుపేసుకుంది.