విజ్మా ఇంటికి వచ్చిన అతిథి

పేరురోజుకి, అంటే క్యాలెండరులో మన పేరు పడే రోజుకి, మా లింబాజి ఊళ్ళో ఎవరినీ పిలవరు. వచ్చేవాళ్ళు వాళ్ళే వస్తారు. ఇంటావిడ రొట్టె కాల్చి, కాఫీ పెట్టి ఎదురుచూడాలి, అంతే.

తన పేరురోజున విజ్మా కుంకుమపువ్వు వేసిన పెద్ద తీపి రొట్టె కాల్చి, మధ్యాహ్నం నుంచి కిటికీ దగ్గర కూర్చుంది. యూరప్ పోటీల్లో ఈటె విసిరి వెండి పతకం తెచ్చిన ఏడాది ఆ పెరట్లో కార్లు పట్టలేదు. మేయరు పాట పాడాడు. పాల ప్యాకెట్ల మీద ఆమె బొమ్మ వేశారు. తర్వాత రెండేళ్ళకే మోచేతి నరం తెగింది. కోత కోసి కుట్టినా ఈటె మునుపటంత దూరం పోలేదు. జనం ఆమెను తిట్టలేదు. రావడం మానేశారు. ఇప్పుడు బడిలో పిల్లలకు ఆటలు నేర్పుతోంది.

చీకటి పడబోతుండగా తలుపు చప్పుడైంది. గుమ్మంలో ఎండబెట్టిన చేప పొట్లంతో జిడ్రా నిలబడి ఉంది. ఈటె విసరడంలో దేశపు రికార్డు చాలా ఏళ్ళు ఆవిడదే. దాన్ని బద్దలు కొట్టింది విజ్మా. ఆ రోజు నుంచి ఆవిడ విజ్మాతో మాట్లాడలేదు.

"బస్సు దిగి అడిగితే టక్కున ఇల్లు చూపించారు. నీ పేరు ఇంకా చెల్లుతోందే."

"దారి చూపించడానికి చెల్లుతోంది. లోపలికి రండి."

జిడ్రా బల్ల మీద ఎవరూ ముట్టని కప్పుల వరస చూసి, ఒక కప్పు దగ్గరికి లాక్కుంది. రెండు రొట్టె ముక్కలు తిన్నాక అడిగింది.

"ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదో అడగవేం?"

"నామీద కోపం కదా."

"ఒళ్ళు మండేది. టీవీలో నువ్వు కనబడితే కట్టేసేదాన్ని." ఆవిడ చెంచాతో కాఫీ తిప్పింది. "ఈ వేసవిలో ఎందుకో ఆ కోపం పోయింది. పోయాక ఇంట్లో ఏమీ తోచడం లేదు."

విజ్మా నవ్వబోయి ఆగింది. "ఈ రాత్రి ఇక్కడే ఉండిపోండి."

"కోళ్ళున్నాయి నాకు."

"మీ పేరురోజు ఎప్పుడు? నేనొస్తాను."

"అయిపోయింది."

"ఎవరెవరొచ్చారు?"

జిడ్రా తలకు రుమాలు కట్టుకోవడం మొదలుపెట్టింది.

విజ్మా బస్టాపు దాకా వెళ్ళింది. అక్కడొక పెద్దమనిషి ఆమెను గుర్తుపట్టి టోపీ తీశాడు. "ఆ విసురు నా కళ్ళారా చూశానమ్మా. ఇప్పటికీ మా ఇంట్లో చెబుతుంటాను."

"ఈవేళ నా పేరురోజు. ఇంట్లో రొట్టె ఉంది, రాకూడదూ?"

"అయ్యో, బస్సొచ్చేసింది," అన్నాడాయన. నిజంగానే వచ్చింది.

జిడ్రా కిటికీ పక్కన కూర్చుని చెయ్యెత్తింది. పక్క సీట్లో పెద్దమనిషి కూర్చున్నాడు. ఆవిడెవరో ఆయనకు తెలిసినట్టు లేదు.

బస్సు మలుపు తిరిగేదాకా విజ్మా అక్కడే నిలబడింది. ఇంటికి నడిచే దారిలో ఎదురైన ప్రతివాళ్ళూ ఆమెను పేరు పెట్టి పలకరించారు.